పొట్ట నిండా పరిశోధనే!

ఈ శతాబ్దంలో మానవజాతికి జరిగిన అతి పెద్ద మేలు ఏమిటని అడిగితే మీలో కొందరు సెల్‌ఫోన్ అంటారు, ఇంకొందరు ఇంటర్నెట్ అంటారు. నన్నడగండి, తడుముకోకుండా చెబుతాను. పేగులు!

పేగులు ఎప్పటినుంచో ఉన్నవే కదా అని మీరు నవ్వుకోవచ్చు. ఉన్నాయి, కాదనను. ఉండి ఏం ప్రయోజనం? మన తాతల కాలంలో వాటిని పట్టించుకున్న నాథుడున్నాడా? ఆకలేస్తే అరవడం, తిండి పడగానే అణిగిమణిగి ఉండడం, అంతే వాటి బతుకు. ఇప్పుడు వాటి దశ తిరిగింది. వాటి మీద పరిశోధనలు! వాటి మీద సదస్సులు! పొద్దున్నే ఫోను తెరిస్తే బంధువులు పంపే గుడ్‌మార్నింగ్ పువ్వుల కంటే ముందు పెద్దపేగు పలకరిస్తోంది.

కొందరికి ఇది న్యూసెన్స్‌గా ఉందట. "భోజనం చేస్తుంటే ఈ పేగుల గోలేమిటండీ?" అని మొహం చిట్లిస్తున్నారట. అలాంటి విశ్వాసం లేని మనుషుల కళ్ళు తెరిపించడానికే నేను కలం పట్టాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. తర్వాత దాచిపెట్టానని నన్ను అనకండి. ఇది నేను ఆస్పత్రి హాల్లో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా ఉన్న తలుపు వెనకాల మా అన్నయ్యకు మత్తిచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సన్నని గొట్టం చివర కెమెరా పెట్టి, ఆయన పెద్దపేగు లోపల వెతుకుతున్నారు. ఆయనకు ఎనిమిది నెలలుగా రక్తం పోతోంది. ఎక్కణ్ణుంచి పోతోందో, ఎందుకు పోతోందో ఇవాళ తేలుతుంది. నాకు ఎడమపక్క మా ఆవిడ కూర్చుంది. కుడిపక్క వదిన, ఒళ్ళో అన్నయ్య చొక్కా, కళ్ళజోడు పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది.

ఇలాంటప్పుడు వేళాకోళం రాతలేమిటని మీకు అనిపించొచ్చు. ఊరికే కూర్చుంటే నిమిషానికోసారి గోడ గడియారం చూస్తున్నానండీ. అందుకని రాస్తున్నాను.

సరే, విషయానికి వద్దాం. మన ఒంట్లో ముప్ఫై ఎనిమిది లక్షల కోట్ల దాకా సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయని శాస్త్రవేత్తల అంచనా. వాటిలో ముప్పాతిక మువ్వీసం పెద్దపేగులోనేనట! నా పుస్తకావిష్కరణకు పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు మైకువాళ్ళు. అలాంటి నాకు, నేను ఎక్కడికెళితే అక్కడికి ఇన్ని లక్షల కోట్లమంది కదలి వస్తారని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి! ఆరోజు నేను వీధిలో నడిచిన నడకే వేరు.

పైగా ఇవి ఊరికే ఉండవు. పేగులకూ మెదడుకూ మధ్య నరం ఒకటుందనీ, అటూ ఇటూ కబుర్లు నడుస్తూనే ఉంటాయనీ తేల్చారు. మన మూడ్ మీద కూడా వీటి ప్రభావం ఉండొచ్చంటున్నారు. ఉండొచ్చు అంటే చాలదా మనకి? ఆ మాట చదివిన రోజు నుంచి నేను చేసిన ఏ వెధవ పనికీ నాకు బాధ్యత లేదు. వ్యాసం ఆలస్యమైతే ఎడిటరుతో "నా పేగుల్లో వైవిధ్యం తగ్గింది" అంటున్నాను. ఇంట్లో గట్టిగా అరిస్తే, "అరిచింది నేను కాదు, లోపలివాళ్ళు" అంటున్నాను.

"అలాగా? అయితే ఇవాళ్టి నుంచి వాళ్ళకే వండి పెడతాను. మీరు బయట తినండి" అంది మా ఆవిడ. శాస్త్రం అందరికీ ఒకేలా అర్థం కాదు.

మా పక్కింటి లెక్కల మాస్టారికి బాగా అర్థమైంది. వారానికి ముప్ఫై రకాల మొక్కల ఆహారం తింటే పేగుల్లో మంచి సూక్ష్మజీవులు పెరుగుతాయని ఆయన ఎక్కడో చదివాడు. గోడకు క్యాలెండరు తగిలించి, తిన్నదల్లా టిక్కు పెట్టడం మొదలెట్టాడు. ఒక శనివారం సాయంత్రానికి ఇరవై తొమ్మిదే అయ్యాయట. మాస్టారు జీవితంలో ఒక్క మార్కు తక్కువైనా ఎవర్నీ పాస్ చేసి ఎరగడు. మా వరండాలోకి వచ్చి, కుండీలో ఉన్న మొక్క ఆకు ఒకటి తుంపి నమిలి మింగి, ముప్ఫయ్యో టిక్కు పెట్టేశాడు. అది క్రోటన్ మొక్క. ఆదివారమంతా ఆయన బాత్‌రూమ్ గడప దాటలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు సుమా! క్రోటన్‌కు పెట్టిన టిక్కు కొట్టేసి, దాని బదులు సోంపు చేర్చాడు.

ఇక మా వదిన సంగతి చెప్పాలి. వదిన స్కూల్లో లైబ్రేరియన్. ఏది చదివినా దానికొక కార్డు రాసి, అక్షర క్రమంలో పెట్టకపోతే ఆమెకు నిద్ర పట్టదు. పేగుల పరిశోధన ఆమె చేతిలో పడ్డాక వాళ్ళింట్లో ఫ్రిజ్ కనిపించడం మానేసింది, తలుపు నిండా కార్డులే. "అరటిపండు: కాస్త పచ్చిగా ఉన్నది మేలు." "పీచు: నెమ్మదిగా పెంచాలి." "పెరుగు: రెండు పూటలా." "యాంటీబయాటిక్: డాక్టరు చెబితే తప్ప వద్దు." అన్నీ సరైన సంగతులే, ఒక్కటి కూడా తప్పు పట్టడానికి లేదు. పొట్టలో ఉన్నవాటికి ఆమె 'లోపలివాళ్ళు' అని పేరు పెట్టింది. నేను తీసుకున్నది ఆమె దగ్గర్నుంచే. అన్నయ్య కంచం ముందు కూర్చోగానే, "ముందు లోపలివాళ్ళకు పెట్టండి, తర్వాత మీరు తిందురుగాని" అనేది. అన్నయ్య తలొంచుకుని గిన్నెడు పెరుగు తినేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాల్ని కూడా ఆమె ఇంత శ్రద్ధగా చూసుకోలేదని చుట్టాలే చెప్పుకునేవారు.

అయితే ఈ పరిశోధనల వల్ల కలిగిన అసలైన లాభం వేరే ఉంది. దాని గురించి ఏ శాస్త్రవేత్తా ఇంతవరకూ రాసినట్టు లేదు. అది భాషకు సంబంధించింది కాబట్టి నాలాంటివాడే చెప్పాలి.

మన భాషలో మాటలకేం కొదవ? అలకలు ఎన్ని రకాలో చెప్పగలం. వాన ఎన్ని రకాలుగా కురుస్తుందో చెప్పగలం. కానీ మనిషి పొద్దున్నే లేచి చేసే మొదటి పనికి, నలుగురిలో పైకి అనగలిగిన మాట ఒక్కటి చూపించండి! చిన్నపిల్లలు నయం, రెండు వేళ్ళు చూపిస్తారు. పెద్దయ్యాక ఆ వేళ్ళు కూడా ముడిచేస్తాం. "అలా వెళ్ళొస్తాను" అంటాం. ఎలా? ఎక్కడికి? అడక్కూడదు. "ఇవాళ ఫ్రీగా లేదు" అంటాం. ఎవరికి తీరిక లేదో చెప్పం. మరీ తప్పకపోతే "మోషన్" అని ఇంగ్లీషులో గొణుగుతాం. చేసేది మనం, పేరు మాత్రం ఇంగ్లీషువాళ్ళ మీద!

ఇక గ్యాస్ గురించి చెప్పనే అక్కర్లేదు. ఛాతీలో పట్టేస్తే గ్యాస్. నడుములో పోటొస్తే గ్యాస్. తల తిరిగితే గ్యాస్ పైకి ఎక్కినట్టు. మా బంధువు ఒకాయన మెట్ల మీంచి పడి చెయ్యి విరిగితే, కట్టు కట్టించుకోవడానికి వెళ్ళే ముందు గ్యాస్ బిళ్ళ వేసుకున్నాడు. ఎందుకైనా మంచిదట.

ఇలాంటి మనకి మైక్రోబయోమ్ అనే మాట దొరికింది! ఆ మాటలో ఎంత శుభ్రత ఉందో గమనించారా? వింటే ఏదో ఖరీదైన సబ్బు పేరులా ఉంటుంది. భోజనాల బల్ల దగ్గర అనొచ్చు, ఆఫీసు మీటింగులో అనొచ్చు, కొత్త అల్లుడి ముందు అనొచ్చు. గంటసేపు పేగుల గురించే మాట్లాడి, పేగుల్లోంచి బయటికొచ్చే దాని ఊసెత్తకుండా లేచి చేతులు కడుక్కోవచ్చు. ఇంత మర్యాదైన శాస్త్రం ఇంకోటి పుట్టిందా?

ఈ మర్యాదలో మా కుటుంబం ఆరితేరింది. ఎంతగా ఆరితేరిందో ఒక ఉదాహరణ చెబుతాను.

మా అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. లిఫ్టు ఎక్కి నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు అంతస్తులు పైకి వెళ్ళి వస్తే చాలు, ఎక్కడ ఏం అరిగిందో చెప్పేస్తాడు. సన్నగా కిర్రుమన్నా ఊరుకోడు. వెంటనే ఆపేసి, 'పనిచేయుట లేదు' అని బోర్డు తగిలించేస్తాడు. "కాస్త చప్పుడే కదండీ, నడుస్తోంది కదా, సాయంత్రం చూసుకుందాం" అని ఫ్లాట్లవాళ్ళు బతిమాలితే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. "నడుస్తోంది కాబట్టే ఆపుతున్నాను. ఆగిపోయాక ఆపేదేముంది?" అంటాడు.

ఆయన కంపెనీవాళ్ళు ఏటా ఉద్యోగులకు ఆరోగ్య పరీక్ష చేయిస్తారు. అందుకు నాలుగు పేజీల ఫారం ఇస్తారు. దస్తూరీ బాగుంటుందని మా ఇళ్ళల్లో ఏ ఫారం వచ్చినా నా చేతికే ఇస్తారు. ఆరు నెలల కింద ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరం వాళ్ళింట్లో భోజనం చేసి కూర్చున్నాం. అప్పటికి గంట నుంచీ పేగుల చర్చే నడుస్తోంది. ఆరోగ్యవంతుడి మలాన్ని శుద్ధి చేసి రోగి పేగుల్లోకి ఎక్కించి కొన్ని జబ్బులు నయం చేస్తున్నారని నేనే చెప్పాను. అదీ ఎలా చెప్పాననుకున్నారు? "ఒకరి మైక్రోబయోమ్‌ని ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేస్తున్నారట" అన్నాను. అందరూ ఆహా అన్నారు. వదిన కార్డు కూడా రాసుకుంది.

ఆ తర్వాత నేను ఫారం తీశాను. ఒక్కో ప్రశ్నా పైకి చదువుతున్నాను, అన్నయ్య జవాబు చెబుతున్నాడు. నిద్ర ఎన్ని గంటలు? ఆరు. సిగరెట్టు? లేదు. టీ? రోజుకు నాలుగు. "అయిదు" అంది వదిన. అయిదు రాశాను. మూడో పేజీ తిప్పాను. అక్కడ ఇలా ఉంది. 'గత మూడు నెలల్లో మలంలో రక్తం కనిపించిందా? అవును, లేదు.'

నేను గొంతు సవరించుకున్నాను. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. వదిన గ్లాసులు తీయడం మొదలెట్టింది. మా ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టి, "కళ్ళజోడు నంబరెంత అన్నయ్యా?" అని అడిగాను. ఆయన ఎంతో తేలికపడ్డట్టు వెంటనే చెప్పాడు.

చూశారా! ఎవరి పరువూ పోలేదు, ఎవరి భోజనమూ పాడవలేదు. సంస్కారం అంటే ఇది కాక ఇంకేమిటి? ఆ టిక్కు కూడా ఎంత అందంగా పెట్టానంటే, అచ్చులో వేసుకోవచ్చు.

ఆ తర్వాత నాలుగైదు నెలలు మా అన్నయ్య పేగులకు స్వర్ణయుగం. మనిషి నాజూగ్గా తయారయ్యాడు. బెల్టుకు కొత్తగా ఒక చిల్లు పొడుచుకున్నాడు, ఇంకో నెలకు రెండోది. మేమంతా చప్పట్లు కొట్టాం. లెక్కల మాస్టారు ఆయన్ను గేటు దగ్గర ఆపి, "ఏ కంపెనీ ఓట్సండీ?" అని అడిగి రాసుకున్నాడు. వదిన మురిసిపోయి ఫ్రిజ్ మీద ఇంకో కార్డు పెట్టింది. "ఫలితం: బెల్టు రెండు చిల్లులు."

అన్నయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని ఒకసారి అన్నాడు. "గ్యాస్ అయి ఉంటుంది" అన్నాం అందరం, ఒకే గొంతుతో. ఒకరోజు పనికి వెళ్ళిన చోట, పైన మెషిన్ రూమ్ దాకా మెట్లెక్కలేక, మూడో అంతస్తులో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ అంతస్తులో ఉండే ఒకావిడ మంచినీళ్ళిచ్చి, వదినకు ఫోన్ చేసింది. పరీక్ష చేయిస్తే ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందని తేలింది. పేగుల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. నేనే వెంట వెళ్ళాను.

ఆ డాక్టరమ్మ చిన్నదే, మా అమ్మాయి వయసు ఉంటుంది. కాగితాలన్నీ చూసి, తలెత్తి అడిగింది.

"ఏం పని చేస్తారు సార్?"

"లిఫ్టులు రిపేరు చేస్తానమ్మా."

"మోషన్ ఎలా ఉంది?"

"స్మూత్‌గా ఉందమ్మా. మొన్ననే రోప్ కూడా మార్చాను" అన్నాడు అన్నయ్య.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదని మీరనుకుంటున్నారా? మా అన్నయ్యకు అర్థం కాని మోషన్ లేదు. ఇంట్లో అందరం ఆయనకు నేర్పిన విద్యే అది. ఆ డాక్టరమ్మకు మాత్రం మర్యాద బొత్తిగా తెలిసినట్టు లేదు. పెన్ను కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లిఫ్టు సంగతి కాదు సార్ నేనడిగేది. మీరు దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతోందా?"

దొడ్డికి. అది మా అమ్మ మాట. చిన్నప్పుడు ఒంట్లో బాగా లేకపోతే అమ్మ మొట్టమొదట అడిగేది అదే. అమ్మ పోయాక మా ఇళ్ళల్లో ఆ మాట మళ్ళీ వినలేదు. అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పడుతోందమ్మా."

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు అవుతోంది."

"ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

ఆయన నా వైపు చూడలేదు. చూసి, నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే బాగుండేది. నేను గోడకు తగిలించిన జీర్ణవ్యవస్థ బొమ్మను చాలాసేపు చదివాను. చాలా వివరంగా ఉంది. అన్ని భాగాలకూ పేర్లు రాసి ఉన్నాయి.

సరే, ఎక్కడున్నాం? లాభాలు! నిన్నటి సంగతొకటి చెప్పడం మరిచాను. ఈ కెమెరా పరీక్షకు ముందు పొట్ట పూర్తిగా ఖాళీ కావాలట. పొడి కలిపిన నీళ్ళు ఇన్ని లీటర్లని లెక్కపెట్టి తాగించారు. మధ్యాహ్నం నుంచీ అన్నయ్య తాగుతూనే ఉన్నాడు, వెళ్తూనే ఉన్నాడు. ఎనిమిది నెలలు పెరుగు పోసి, పీచు వేసి, అరటిపండ్లు పెట్టి వదిన పెంచుకున్న లోపలివాళ్ళందరూ ఒక్క సాయంత్రంలో వరదకు కొట్టుకుపోయారు! వదిన బాత్‌రూమ్ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. ప్రతిసారీ గట్టిగా అడుగుతోంది.

"ఏమండీ, రక్తం పడిందా?"

"పడింది" అని లోపల్నుంచి అన్నయ్య.

"ఎంత?"

"కొంచెమే."

పెళ్ళయి ముప్ఫై ఒక్క సంవత్సరాలైంది. వాళ్ళిద్దరూ ఇంత ఆత్మీయంగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. మా ఆవిడ వంటింట్లో కళ్ళు తుడుచుకుంది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను.

ఇదుగో, తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ వస్తోంది. ఇక్కడ ఆపుతాను.

ఇప్పుడు ఇంటికొచ్చి మిగిలింది పూర్తి చేస్తున్నాను. ఇందాకటి హుషారు తగ్గింది, మన్నించాలి.

డాక్టరమ్మ వదిన పక్కన కూర్చుని చెప్పింది. "సార్‌కి మెలకువ వస్తోందమ్మా, భయం లేదు. పెద్దపేగులో ఎడమవైపు ఒక గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపాను. రిపోర్టు రాకుండా గట్టిగా చెప్పకూడదు, కానీ క్యాన్సర్‌లాగే ఉంది. స్కాన్ చేస్తే ఎంతవరకు వెళ్ళిందో తెలుస్తుంది. ఆపరేషన్ మాత్రం తప్పదు. బాగయినవాళ్ళు చాలామంది ఉన్నారు, అది గుర్తుపెట్టుకోండి."

వదిన ఏడవలేదు. కళ్ళజోడును చొక్కా అంచుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. "నేను పెట్టిందేమైనా పడలేదా డాక్టరుగారూ? పీచు ఎక్కువైందా?" అని అడిగింది.

"అయ్యో, లేదమ్మా. మీరు పెట్టిందంతా మంచి తిండే. మీవల్ల కాదు."

"ఆరు నెలల కిందే వచ్చి ఉంటే?" అన్నాను నేను. ఎందుకడిగానో మీకు తెలుసు. మా ఆవిడకు తెలుసు. వదినకూ తెలుసేమో, ఆమె నా వైపు తిరగలేదు.

"చెప్పలేం సార్. ఇంకా చిన్నదిగా ఉండేదేమో" అంది డాక్టరమ్మ.

అంత అందంగా పెట్టిన టిక్కు, పాఠకులారా! దాన్ని రబ్బరుతో చెరపాలని ఉంది. నేను పెన్నుతో రాసే అలవాటున్నవాణ్ణి.

డాక్టరమ్మ లేవబోతూ ఆగింది. "మీరు సొంత తమ్ముడేనా?"

"ఔనమ్మా."

"అయితే మీరూ ఒకసారి చూపించుకోవాలి సార్. తోడబుట్టినవాళ్ళకు వస్తే మిగతావాళ్ళు ఊరుకోకూడదు. మీకెప్పుడైనా రక్తం పడిందా?"

ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దమనిషి పేజీ తిప్పడం మానేశాడు. నేను నిటారుగా కూర్చున్నాను. శాస్త్రం తెలిసిన మనిషితో మాట్లాడే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు కదా!

"మామూలుగా నోట్లో ఉండే బ్యాక్టీరియా ఒకటి పెద్దపేగు గడ్డల్లో కూడా కనబడుతోందని ఈమధ్య ఒక పరిశోధన చదివానమ్మా. అసలు అది అక్కడిదాకా ఎలా..."

"నేనూ చదివాను సార్. మంచి పరిశోధన. మీకు రక్తం పడుతోందా?"

నేను గొంతు సవరించుకున్నాను. కిటికీ కోసం చూశాను. ఆ హాల్లో కిటికీ లేదు.

"పడుతోందమ్మా" అన్నాను. "రెండు నెలల్నించి. అప్పుడప్పుడు."

డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు, కసురుకోలేదు. ఫోను తీసి చూసుకుని, సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఖాళీ కడుపుతో రమ్మని చెప్పింది. ఆమెకు ఇది రోజూ వినే మాటే కావచ్చు.

మా ఆవిడ మాత్రం కుర్చీలో పూర్తిగా నా వైపు తిరిగింది. "రెండు నెలలా? రెండు నెలల్నించి నాకెందుకు చెప్పలేదు?" అంది. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇప్పటికీ గోళ్ళ గుర్తులున్నాయి.

'నువ్వు అడగలేదుగా' అందామని నోటిదాకా వచ్చింది. అన్నయ్య అన్నట్టు అనేస్తే సరిపోయేది, సానుభూతి కూడా దొరికేది.

కానీ అనలేకపోయాను. ఎందుకంటే, ఆవిడ ఈ రెండు నెలలుగా ప్రతి పొద్దునా టీ గ్లాసు నా చేతికిస్తూ, "పొట్ట ఎలా ఉందండీ?" అని అడుగుతూనే ఉంది. నేనే రోజుకొక పరిశోధన చదివి వినిపిస్తున్నాను.